చర్చిపై వ్యాజ్యం వేసిన తీర క్రైస్తవులు

కన్యాకుమారి జిల్లాలోని ఒక సముద్రతీర గ్రామంలో, గత శతాబ్దం ముగియబోతున్న కాలంలో, కొందరు కతోలిక మత్స్యకారులు తమ చర్చినే న్యాయస్థానానికి ఈడ్చారు. వారం రోజుల పాటు వేటకు వెళ్ళరాదని మతగురువులు వారిపై ఆంక్ష విధించారు. తరతరాలుగా గురువుల మాట జవదాటని జనం ఈసారి తలవంచలేదు. తమ ముంగిటి సముద్రానికి తామే సంరక్షకులమని ప్రభుత్వం గుర్తించాలనీ, ట్రాలర్ల వేటను అదుపుచేసే తమ హక్కును కాపాడాలనీ, తమకూ ప్రభుత్వానికీ నడుమ చర్చి పెద్దరికం అక్కర్లేదనీ కోర్టుకు విన్నవించుకున్నారు. మానవశాస్త్రవేత్త అజంతా సుబ్రహ్మణ్యన్ 2009లో ప్రచురించిన ‘షోర్‌లైన్స్’ అనే గ్రంథం ఈ వ్యాజ్యం చుట్టూ అల్లుకున్నది.

ప్రజాస్వామ్యం, పౌరసత్వం, పర్యావరణం ఈ పుస్తకం పైకి చెప్పుకునే విషయాలు. గ్రంథాలయాల్లో దీనిని మిషనరీ చరిత్రల పక్కన ఎవరూ పెట్టరు. అయినా మత్స్యకారుల నడుమ క్రైస్తవ మిషన్ల చరిత్రను అర్థం చేసుకోగోరేవారు మొదట చదవవలసింది దీనినే. ఆ చరిత్రను ఇంతకాలం రెండు రకాల వాళ్ళు రాస్తూ వచ్చారు. మొదటి రకం పునీతుల జీవితకథ: ఒక మహానుభావుడు ఓడ దిగుతాడు, చేతిలో గంట మోగిస్తాడు, అజ్ఞానంలో ఉన్న జాలర్లు వేలకు వేలుగా జ్ఞానస్నానం పొందుతారు. రెండవ రకం ప్రలోభాల కథ: పరదేశి వస్తాడు, ఆశ చూపుతాడు లేదా కత్తి చూపుతాడు, అమాయకులైన జాలర్లు మతం మారుతారు. ఈ రెండు కథలూ ఒకదానినొకటి శత్రువులుగా భావించుకుంటాయి గాని, వాటి వాక్యనిర్మాణం ఒకటే. రెండింటిలోనూ కర్త పరదేశి, జాలరి కేవలం కర్మ. కోర్టు మెట్లెక్కిన ఆ మత్స్యకారులు ఈ రెండు వాక్యాల్లోనూ ఇమడరు. వారు ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే అయిదు శతాబ్దాలు వెనక్కి వెళ్ళాలి.

పదహారవ శతాబ్దపు తొలి దశకాల్లో రామేశ్వరానికీ కన్యాకుమారికీ మధ్యనున్న తీరానికి ‘ముత్యాల తీరం’ అని పేరు. అక్కడ పరవర్ అనే కులంవారు సముద్రగర్భంలో మునిగి ముత్యపుచిప్పలు ఏరేవారు, చేపలు పట్టేవారు, పడవలు నడిపేవారు. అదే నీటిలో అదే పనిలో ముస్లిం నావికులకూ వర్తకులకూ వాటా ఉంది. ముత్యాల వేట ఎవరి ఆధీనంలో ఉండాలన్న పోటీ చాలాకాలంగా రగులుతూ 1530ల్లో రక్తపాతం దాకా వెళ్ళింది. ఒక పరవ స్త్రీకి జరిగిన అవమానంతోనూ, ఆమె భర్త చెవిని పోగుతో సహా తెంపడంతోనూ గొడవ మొదలైందని సంప్రదాయ కథనం. ఆ సమయంలో జువాన్ ద క్రూజ్ అనే గుర్రాల వర్తకుడు తీరానికి వచ్చాడు. పోర్చుగల్‌లో క్రైస్తవం స్వీకరించిన మలబారు హిందువు అతడు. పోర్చుగీసుల రక్షణ కోరమని పరవ పెద్దలకు సలహా ఇచ్చాడు. తర్వాత పోర్చుగల్ రాజుకు రాసుకున్న లేఖలో ఆ ఘనత తనదేనని చెప్పుకున్నాడు కూడా. గుర్రాల వ్యాపారంలో రాజుగారి దయ అతనికి అవసరమే మరి. పెద్దలు కొచ్చిన్‌కు ప్రతినిధులను పంపారు. వారు అక్కడ జ్ఞానస్నానం పొందారు. 1535 నుంచి 1537 వరకు తీరం వెంబడి సుమారు ఇరవై వేలమంది క్రైస్తవులయ్యారు. 1538లో వేదాలై వద్ద పోర్చుగీసు నౌకాదళం కాలికట్టు నౌకాదళాన్ని ఓడించింది. ముత్యాల వేటపై పరవరుల పట్టు నిలిచింది.

ఇందులో మొదట కదిలింది ఎవరో గమనించాలి. మిషనరీ వెళ్ళి జాలర్లను వెతకలేదు. జాలర్లే కొచ్చిన్‌కు వెళ్ళి రక్షకులను వెతుక్కున్నారు. అప్పటికి ఆ తీరంలో స్థిరపడిన బోధకుడు ఒక్కడూ లేడు. కులపెద్దలు కూర్చుని, లెక్కలు వేసుకుని, తమ సముద్రాన్ని నిలుపుకోవడానికి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందానికి ముద్ర జ్ఞానస్నానం. దీనిని ప్రలోభమని పిలిచేవారు ఆనాటి రాజులూ సామంతులూ చేసుకున్న పొత్తులన్నిటినీ ప్రలోభాలనే పిలవాలి. రాజు చేస్తే రాజనీతి, జాలరి చేస్తే అమాయకత్వం అనడం న్యాయం కాదు. అలాగని ఈ ఒప్పందాన్ని విమోచనగాథగా కీర్తించడమూ సరికాదు. ఆ పోరులో ఓడిన ముస్లిం నావికులు కూడా సముద్రాన్నే నమ్ముకున్న జనం. వారి వైపు నుంచి ఈ కథ వేరే తీరుగా ఉంటుంది.

ఫ్రాన్సిస్ జేవియర్ ఈ తీరానికి చేరింది 1542 అక్టోబరులో, అంటే జనం క్రైస్తవులైన అయిదారేళ్ళకు. తెలుగు కతోలికుల ఇళ్ళలో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అనే పేర్ల వెనుక ఉన్నది ఈయన పేరే. ఆయనకు తమిళం రాదు. స్థానికుల సాయంతో ప్రార్థనలను తమిళంలోకి మార్పించుకుని, కంఠస్థం చేసి, గంట వాయిస్తూ పిల్లలను పోగుచేసి వల్లెవేయించాడు. 1544 చివర పడమటి తీరంలో, తిరువితాంకూరు వైపున, ముక్కువర్ అనే మరో మత్స్యకార కులంలో ఒక్క నెలలో పదివేలమందికి పైగా జ్ఞానస్నానం ఇచ్చినట్టు ఆయన లేఖలో ఉంది. ఈ సంఖ్యలను చూసి కొందరు పరవశిస్తారు, కొందరు మండిపడతారు. వైద్యశిబిరాల నివేదికలు చదివిన అనుభవం ఉన్నవారు మాత్రం చిన్నగా నవ్వుకోవచ్చు. ఒక్క రోజులో చూసిన రోగుల సంఖ్య నివేదికలో మొదటి పంక్తిలోనే కనిపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళేమయ్యారన్నది ఏ పంక్తిలోనూ కనిపించదు. జేవియర్ కూడా దూరదేశంలోని తన పెద్దలకూ పోషకులకూ నివేదికలు పంపుతున్నవాడే.

అయితే ఆ లేఖల్లో సంఖ్యలను మించినవి ఉన్నాయి. పోర్చుగీసు అధికారుల అత్యాశపై, క్రూరత్వంపై ఆయన స్వయంగా రాజుకు ఫిర్యాదు చేశాడు. ముత్యాల తీరం నుంచి పోర్చుగల్ రాణిగారి పాదరక్షల ఖర్చు పేరిట ఏటా కొంత సొమ్ము వెళ్ళేది. ఆ సొమ్మును గ్రామాల్లోని ఉపదేశుల జీతాలకు ఇప్పించమని అడిగి సాధించాడు. రక్షణ కోరి వెళ్ళినవారు రాణిగారి చెప్పులకు కూడా పన్ను కట్టవలసి వచ్చిందన్న ఈ ఒక్క సంగతి ఆ ఒప్పందం అసలు ధర ఎంతో తెలుపుతుంది.

తెలుగు పాఠకులు నిలిచి చదవవలసిన ఘట్టం మరొకటి ఉంది. 1544 వేసవిలో జేవియర్ తోటి మిషనరీకి రాసిన లేఖల్లో ‘బడగలు’ అనే దోపిడీ సైనికుల ప్రస్తావన పదేపదే వస్తుంది. వారు గుర్రాలపై వచ్చి తీరగ్రామాలను కొల్లగొట్టగా, జనం పిల్లాపాపలతో సముద్రంలోని బండలపైకి పారిపోయి ఆకలిదప్పులతో అల్లాడారు. జేవియర్ ఇరవై పడవల్లో తిండి తీసుకుని వారి దగ్గరకు వెళ్ళడానికి ప్రయత్నిస్తే ఎదురుగాలి అడ్డుకుంది. ఈ బడగలు ఎవరు? తమిళులు ఉత్తరాది నుంచి వచ్చినవారిని, ముఖ్యంగా తెలుగువారిని, ‘వడుగర్’ అంటారు. దక్షిణాదిపై దండెత్తిన విజయనగర సేనలే వీరని చరిత్రకారులు గుర్తించారు. 1549లో వేదాలై వద్ద ఆంటోనియో క్రిమినాలి అనే జెసూట్ గురువును చంపినదీ వడుగ సైనికులే. విజయనగర వైభవం తలచుకుని పులకించే తెలుగువారికి, ఆ వైభవం ఒక జాలరి పల్లె ఇసుకలోంచి ఎలా కనబడిందో ఈ లేఖలు చూపిస్తాయి. అదృష్టవశాత్తు చరిత్ర ఎవరి పక్షానా పూర్తిగా ఉండదు.

జేవియర్ రెండేళ్ళకే ఆ తీరాన్ని విడిచి వేరే దేశాలకు సాగిపోయాడు. దాదాపు అర్ధశతాబ్దం పాటు అక్కడే ఉండి పనిచేసినవాడు హెన్రిక్ హెన్రికెస్. ఆయన 1600లో మరణించేదాకా పరవరుల నడుమనే జీవించాడు. తమిళ వ్యాకరణం రాశాడు. 1578లో కొల్లంలో ‘తంబిరాన్ వణక్కం’ అనే పదహారు పుటల ప్రార్థనా పుస్తకాన్ని తమిళ లిపిలో అచ్చువేయించాడు. భారతీయ లిపిలో భారతదేశంలో అచ్చయిన మొదటి పుస్తకంగా దానిని లెక్కిస్తారు. దాని ముద్రణకు పరవరులు చందాలు ఇచ్చారు. తెలుగు పుస్తకం అచ్చు రూపు చూడడానికి, అదీ జర్మనీలోని హాలే పట్టణంలో, 1740ల దాకా ఆగవలసి వచ్చింది. పండితులకూ ఆస్థానాలకూ లేని అచ్చుపుస్తకం మొట్టమొదట ముత్యాలు ఏరే జనం చేతికి వచ్చింది. జేవియర్‌కు దక్కిన కీర్తిలో పదోవంతు కూడా హెన్రికెస్‌కు దక్కలేదు. నిలిచి పనిచేసేవారికి జీవితచరిత్రకారులు తక్కువగానే దొరుకుతారు.

ప్రలోభవాదాన్ని పరీక్షకు నిలిపే సంఘటన 1658లో జరిగింది. ఆ ఏడు డచ్చివారు తూత్తుకుడిని పోర్చుగీసుల నుంచి వశం చేసుకున్నారు. వారు ప్రొటెస్టెంటులు, కతోలిక గురువులను వెళ్ళగొట్టారు, బాల్డియస్ వంటి పాస్టర్లు పరవరులను తమ సంఘంలోకి తేవడానికి ప్రయత్నించారు. ముత్యాల వేట ఇప్పుడు డచ్చి కంపెనీ చేతిలో ఉంది. రక్షణ కోసమే, లాభం కోసమే మతం మారిన జనమైతే ఇప్పుడు మరొకసారి మారాలి. పరవరులు మారలేదు. గురువులు లేకున్నా, చర్చిలు చేజారినా, కన్యమరియను వదల్లేదు. కొత్త ప్రభువులకు పన్ను కట్టారు, పని చేశారు, పాత ప్రార్థనలే చెప్పుకున్నారు. నూట ఇరవై ఏళ్ళ కింద రాజకీయ ఒప్పందంగా మొదలైనది అప్పటికి మరేదో అయిపోయింది.

అది ఏమైంది? సూసన్ బేలీ 1989లో ప్రచురించిన ‘సెయింట్స్, గాడెసెస్ అండ్ కింగ్స్’ గ్రంథంలో దీనికి ఇచ్చిన జవాబు ఇప్పటికీ బలంగానే ఉంది. పరవరులు క్రైస్తవులై కులాన్ని పోగొట్టుకోలేదు. క్రైస్తవం ద్వారానే కులాన్ని గట్టిపరచుకున్నారు. వారి కులపెద్ద ‘జాతి తలైవన్’ పోర్చుగీసు బిరుదులు ధరించి, చర్చి గౌరవ మర్యాదల్లో అగ్రతాంబూలం అందుకుని, మునుపటికన్నా పెద్ద ప్రభువయ్యాడు. తూత్తుకుడిలోని హిమమాత కులానికంతటికీ కాపుదేవత అయింది. ఆ తల్లి విగ్రహాన్ని బంగారు రథంపై ఊరేగించడం చూసినవారికి ఏ దేవాలయ రథోత్సవమైనా గుర్తుకు వస్తుంది. మిషనరీ ఒక మతాన్ని ఇచ్చానని అనుకున్నాడు. పుచ్చుకున్నవారు దానిని తమ కొలతలకు కుట్టించుకున్నారు.

ఇక్కడ దాకా చదివి, అన్నీ జాలర్ల తెలివే, చర్చి వట్టి పనిముట్టు అనుకుంటే అదీ పొరపాటే. సుబ్రహ్మణ్యన్ పుస్తకానికి బలం చేకూర్చేది ఈ మలుపే. రక్షకుడిగా వచ్చిన చర్చి కాలక్రమంలో ప్రభువైంది. కన్యాకుమారి తీరంలోని ముక్కువర్ గ్రామాల్లో పట్టిన చేపల్లో చర్చికి వాటా ఉండేది. ఆ వాటా వసూలు చేసే హక్కును వేలం వేసేవారు. విచారణ గురువు కేవలం పూజ జరిపించేవాడు కాడు. తగవు తీర్చేది ఆయనే, జరిమానా వేసేది ఆయనే, కలెక్టరు కార్యాలయానికి అర్జీ మోసేదీ ఆయనే. తీరవాసులు మొరటువాళ్ళు, వారితో నేరుగా మాట్లాడలేమనే భావం మెరక ప్రాంతపు అధికారులకూ అనుకూలమైనదే. ఒక జనానికి శాశ్వతంగా మధ్యవర్తి ఉండడమంటే ఆ జనం శాశ్వతంగా మైనర్లుగా ఉండడమే.

1950ల్లో ఆ లోకం కదిలింది. కేరళలోని నీండకరలో నార్వే సహాయంతో మొదలైన మత్స్యాభివృద్ధి పథకం వంటి వాటితో మరపడవలూ, ట్రాలర్లూ వచ్చాయి. రొయ్యలకు విదేశాల్లో ధర పలికింది. కట్టుమరాలవారికీ ట్రాలర్లవారికీ సముద్రం మీదనే యుద్ధాలు జరిగాయి. వారిద్దరూ ఒకే కులం, ఒకే మతం. కేరళలో కొందరు గురువులూ మఠకన్యలూ సంప్రదాయ మత్స్యకారుల పక్షం వహించి సంఘాలు కట్టారు. రిడెంప్టరిస్ట్ సభకు చెందిన థామస్ కోచేరి వారిలో ప్రముఖుడు. వారి పోరాటాల ఫలితంగా 1988లో కేరళ ప్రభుత్వం వానాకాలపు ట్రాలింగ్‌పై నిషేధం విధించింది. మరుసటి ఏడు ఒక బృందం బొంబాయి నుంచి, మరొక బృందం కలకత్తా నుంచి తీరం వెంబడి యాత్రగా బయలుదేరి మే 1న కన్యాకుమారిలో కలిశాయి. ఆ సభ పోలీసు కాల్పులతో ముగిసింది.

ఈ గురువుల త్యాగం నిజం. అయినా జాలరికి మాట నేర్పింది వారేనని చెప్పడం జేవియర్ కథనే కొత్త దుస్తుల్లో చెప్పడం అవుతుంది. సముద్రంపై హక్కు కోసం కూర్చుని లెక్కలు వేసుకోవడం ఆ జనానికి 1535లోనే తెలుసు. కన్యాకుమారి వ్యాజ్యం ఆ పాత లెక్కకు కొనసాగింపు. అప్పుడు సముద్రం నిలుపుకోవడానికి చర్చి కావలసి వచ్చింది. ఇప్పుడు అదే పనికి న్యాయస్థానం కావలసి వచ్చింది. గమనించవలసిన సంగతి ఏమంటే, చర్చిని కోర్టుకు ఈడ్చినవారు మతం విడిచిపెట్టలేదు. క్రైస్తవులుగా ఉంటూనే చర్చి పెత్తనాన్ని కాదన్నారు. మతాంతరీకరణను గురించి ఈనాడు దేశంలో సాగుతున్న వాదాల్లో ఈ అవకాశానికి చోటే లేదు. మారినవాడు మోసపోయాడో, అమ్ముడుపోయాడో తేల్చడమే అక్కడ పని. మారినవాడి మనవడి మనవడికి మారకుండా ఉండేందుకూ, ఎదిరించేందుకూ స్వతంత్ర బుద్ధి ఉంటుందని ఆ వాదాలు ఒప్పుకోవు.

తెలుగు పాఠకులకు ఈ చరిత్ర కొంత అపరిచితంగా తోచడానికి కారణం ఉంది. తెలుగునాట మిషన్ అనగానే గుర్తుకు వచ్చేది ఒంగోలు, 1876–78 కరువు, జాన్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వకం, 1878 జూలైలో వెలుంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం. అది పొలాల చరిత్ర, మాదిగల చరిత్ర. గంజి కోసం మతం మారారన్న నింద అక్కడా పుట్టింది; ఆ నింద రాకూడదనే కరువు పనులు ముగిసేదాకా క్లౌ బాప్తిస్మాలు ఆపించాడన్నది మాత్రం చాలామంది మరచిపోతారు. తెలుగు తీరంలో వాడబలిజలు, జాలర్లు, పల్లెకారుల కథ వేరు. గంగమ్మనూ పోలమ్మనూ కొలిచే ఆ పల్లెల్లో ముత్యాల తీరంలో జరిగినట్టు కులం కులమంతా మారిన సందర్భం రాలేదు. బందరుకు ఓడల్లో వచ్చిన డచ్చివారికీ ఇంగ్లీషువారికీ కావలసినవి మేలైన వస్త్రాలు. వారు చేతులు కలపవలసింది నేతగాళ్ళతో, కోమట్లతో. సముద్రంలోంచి సంపద తీసిచ్చే జాలరి అక్కడ ఎవరికీ పొత్తుదారు కాలేదు. సరుకు ఒడ్డుకు చేర్చే పడవవాడిగానే మిగిలాడు. మతాలు వ్యాపించిన తీరును బోధకుల వాగ్ధాటి కన్నా తీరంలో దొరికే సరుకు ఎక్కువగా నిర్ణయించిందేమో. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న ఈ పడవవాళ్ళ చరిత్రను కూడా ఎవరైనా ఇంత ఓపికతో రాస్తే బాగుండును.

‘షోర్‌లైన్స్’లో లోపాలు లేకపోలేదు. విశ్వవిద్యాలయపు పరిభాష చాలా పుటలను బరువెక్కించింది. ఒక్క జాలరి మాట వినడానికి రెండు పుటల సిద్ధాంతం దాటవలసిన చోట్లు ఉన్నాయి. అంతకన్నా పెద్ద లోటు, సముద్రం మీద హక్కుల కథ కావడం వల్ల పుస్తకమంతా మగవారితో నిండిపోయింది. ఆ లోటు పూడ్చుకోవాలంటే కల్పనా రామ్ 1991లో ప్రచురించిన ‘ముక్కువర్ విమెన్’ చదవాలి. మగవారు నీటి మీద ఉంటే ఒడ్డున అప్పులూ చీటీలూ నడిపేది, చేపలు అమ్మేది, ఇంటి మానమర్యాదలు మోసేది స్త్రీలు. వారి శరీరాలపైకి పూనకంగా వచ్చే ఇసక్కి అమ్మనూ, ఆ పూనకాన్ని వదిలించే మరియమ్మనూ రామ్ పక్కపక్కనే నిలబెట్టి చూపిస్తుంది. గురువులు ఒప్పుకోని ఈ వైద్యం చర్చి నీడలోనే తరతరాలుగా సాగుతున్నది. మనోవ్యాధుల చికిత్సతో సంబంధం ఉన్నవారెవరైనా ఆ అధ్యాయాలను ముందుగా చదివినా నష్టం లేదు.